తంతువు ఎక్కడ ఉంటుంది?

సూక్ష్మ ప్రపంచ చరిత్ర – 14వ భాగం

పోయిన భాగాన్ని 1974లో ఆపాం. ఎవరికీ అక్కర్లేకుండా పోయిన స్ట్రింగ్ థియరీ లెక్కల్లో గురుత్వాకర్షణ దాగి ఉందని కాలిఫోర్నియాలో జోయెల్ షెర్క్, జాన్ ష్వార్జ్ గుర్తించిన ఘట్టం అది. జపాన్‌లో తమియాకి యోనెయా కూడా తన దారిన తాను అదే సంగతి పట్టుకున్నారు. పదార్థపు మూలంలో ఉన్నవి బిందువులు కావు, కంపించే సన్నని తంతువులు అన్నది ఈ సిద్ధాంతం. అది నిలబడాలంటే కాలంతో కలిపి పది మితులు కావాలి. మనకు తెలిసినవి నాలుగే. మిగతా ఆరూ ముడుచుకుపోయి ఉన్నాయంటారు. అయితే ఈ తంతువులు ముడుచుకున్న ఆ ఆరింటి లోపల ఉంటాయా, మనం తిరిగే మూడింట్లో ఉంటాయా?

ఇది పిల్లల ప్రశ్నలా వినిపిస్తుంది కానీ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను వందేళ్లుగా పని చేయించిన ప్రశ్న ఇదే. దీనికి 1926లో ఒక జవాబు, 1985లో ఒకటి, 1989లో ఇంకొకటి వచ్చాయి. వచ్చిన ప్రతి జవాబూ ప్రశ్ననే కాస్త మార్చి వెళ్లింది. ఈ భాగమంతా ఆ ఒక్క ప్రశ్న కథే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. టీవీ కార్యక్రమాల్లో తరచూ ఒక బొమ్మ చూపిస్తారు. గళ్ల గళ్ల నేల, ప్రతి గడి మూలన మెలికలు తిరిగిన ఒక చిన్న ఆకారం. అది చూస్తే ముడుచుకున్న మితులంటే అక్కడక్కడా దాచిన బుల్లి గదులనీ, తంతువులు ఆ గదుల్లో ఉంటాయనీ అనిపిస్తుంది. నిజానికి మితి అంటే దిశ. పొడవు అనే దిశ ఫలానా ఊళ్లో ఉంది, ఫలానా ఊళ్లో లేదు అనం కదా. ముడుచుకున్న దిశ కూడా అంతే. ఉంటే అన్నిచోట్లా ఉంటుంది. ఈ పేజీ మీద ప్రతి చుక్క దగ్గరా, దాన్ని పట్టుకున్న వేళ్లలోని ప్రతి అణువు దగ్గరా ఉంటుంది.

కోనిగ్స్‌బర్గ్ నుంచి వచ్చిన వ్యాసం

అదనపు దిశ ఆలోచన తంతువుల కంటే చాలా పాతది. 1914లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త గున్నార్ నోర్డ్‌స్ట్రోమ్ ఐదు మితులతో ఒక ప్రయత్నం చేశారు. గురుత్వాకర్షణకు ఆయన కట్టిన సిద్ధాంతం నిలబడకపోవడంతో దాన్ని అందరూ మరిచిపోయారు. 1919 ఏప్రిల్‌లో ఐన్‌స్టీన్ చేతికి ఇంకో వ్యాసం అందింది. రాసినవారు థియోడర్ కలూజా. అప్పట్లో జర్మనీ తూర్పు కొసన ఉన్న కోనిగ్స్‌బర్గ్‌లో, అంటే నేటి రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో, విద్యార్థుల ఫీజుల మీద నెట్టుకొచ్చే చిన్న అధ్యాపకుడు ఆయన.

ఐన్‌స్టీన్ సాపేక్షతా సమీకరణాలను నాలుగు మితుల్లో కాకుండా ఐదు మితుల్లో రాసి చూశారు కలూజా. అందులోంచి మామూలు గురుత్వాకర్షణతో పాటు విద్యుత్తుకూ అయస్కాంతానికీ సంబంధించిన మాక్స్‌వెల్ సమీకరణాలు కూడా ఊడిపడ్డాయి. రెండు వేర్వేరు శక్తులనుకున్నవి ఐదు మితుల్లో ఒకటే అయ్యాయి. ఐన్‌స్టీన్ మొదట ఎంతో సంతోషించారు. తర్వాత సందేహాల్లో పడ్డారు. వ్యాసం అచ్చుకు రావడానికి 1921 డిసెంబరు దాకా పట్టింది. కొత్తవాడి పెద్ద ఆలోచన రెండున్నరేళ్లకు పైగా ఒకరి బల్ల మీద ఆగిపోవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. చివరికి ప్రష్యన్ అకాడమీకి ఆ వ్యాసాన్ని సమర్పించింది కూడా ఐన్‌స్టీనే అన్నది మరవకూడదు.

ఆ ఐదో దిశ ఎక్కడుంది, ఎందుకు కనిపించదు అన్నదానికి కలూజా దగ్గర సమాధానం లేదు. మనం కొలిచేదేదీ ఆ దిశ మీద ఆధారపడదని షరతు పెట్టి ఊరుకున్నారు. సమాధానం 1926లో స్వీడన్ శాస్త్రవేత్త ఆస్కర్ క్లైన్ నుంచి వచ్చింది. ఐదో దిశ ఒక చిన్న వలయం. అందులో ముందుకు పోతే బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం. వలయంలో తిరిగే కణపు తరంగం తన తోకను తానే సరిగ్గా కలుసుకోవాలి కాబట్టి, ఆ దిశలో దాని వేగానికి అన్ని విలువలూ చెల్లవు, కొన్ని మెట్లే చెల్లుతాయి. మనం విద్యుదావేశం అని పిలుస్తున్నది ఐదో దిశలోని ఈ కదలికనే అన్నారు క్లైన్. ఎలక్ట్రాన్ ఆవేశం ఎప్పుడూ ఒకే విలువలో ఎందుకుంటుందో దీంతో అర్థమవుతుంది. ఆ విలువ నుంచి వెనక్కి లెక్కగట్టి వలయం చుట్టుకొలత కూడా చెప్పారు. ఒకటి తర్వాత 30 సున్నాలు పెట్టి, ఆ సంఖ్యతో సెంటీమీటరును భాగిస్తే వచ్చేదానికి కొంచెం తక్కువ.

మన ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే ఉంది. తర్వాత వచ్చినవన్నీ దీని మీదే నిలబడ్డాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. క్వాంటమ్ సూత్రం ప్రకారం ఒక వస్తువు ఒక చిన్న జాగాలో ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపాలంటే శక్తి ఖర్చవుతుంది. జాగా ఎంత చిన్నదైతే ఖర్చు అంత పెద్దది. క్లైన్ వలయంలో కణం ఈ వైపు ఉందా ఆ వైపు ఉందా అని తేల్చాలంటే కావలసిన శక్తి ముందు జెనీవాలోని మహాయంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ కూడా ఏ మూలకూ చాలదు. అది తరచి చూడగల అతి చిన్న దూరంలో సున్నాలు పదిహేడో పద్దెనిమిదో. క్లైన్ దూరంలో ముప్పై. అంత శక్తి అందనప్పుడు కణం వలయంలో ఒకచోట ఉండదు. వలయమంతా సమంగా పరుచుకుని ఉంటుంది. మన ఒంట్లోని ప్రతి ఎలక్ట్రానూ, అదనపు దిశలంటూ ఉంటే, ఈ క్షణాన ఆ దిశలన్నిటా పరుచుకునే ఉంది. అవి మనకు కనబడనివే గానీ మనం లేని చోట్లు కావు.

ఎన్ని దిశలో చెప్పింది తంతువే

కలూజా, క్లైన్ ఐదో మితిని తామే తెచ్చి పెట్టారు. కావాలనుకుంటే ఆరో ఏడో కూడా పెట్టుకోవచ్చు. తంతువుల కథలో ఆ స్వేచ్ఛ లేదు.

1968లో సెర్న్‌లో పనిచేస్తున్న గాబ్రియేలె వెనెజియానో అణుకేంద్రకంలోని బలమైన శక్తిని వర్ణించడానికి ఆయిలర్ కాలం నాటి గణిత సూత్రం ఒకటి సరిపోతుందని చూపారు. ఆ సూత్రం వెనక ఉన్నది సాగదీసిన తంతువు కంపనమని యోయిచిరో నంబు, హోల్గర్ నీల్సన్, లియొనార్డ్ సస్కిండ్ ఎవరి దారిన వాళ్లు గ్రహించారు. నంబు తన ఆలోచనను 1970లో కోపెన్‌హేగన్ సభలో చెప్పవలసింది. అమెరికాలో ఎడారి దారిన వెళుతుండగా కారు చెడిపోయి ఆ ప్రయాణమే ఆగిపోయింది.

1971లో సెర్న్‌లోనే ఉన్న క్లాడ్ లవ్‌లేస్ సిద్ధాంతాన్ని పీడిస్తున్న ఒక వైరుధ్యాన్ని పరిశీలిస్తూ, మితుల సంఖ్య 26 అయితే అది తొలగిపోతుందని కనిపెట్టారు. నాలుగు కాదు, ఇరవై ఆరు! అప్పట్లో దీన్ని నమ్మినవారు తక్కువ. అదే ఏడాది పియర్ రామండ్, ఆంద్రే నెవ్, ష్వార్జ్ చేసిన పనితో ఎలక్ట్రాన్ వంటి కణాలకూ సిద్ధాంతంలో చోటు దొరికింది. దాంతో కావలసిన మితుల సంఖ్య పదికి దిగింది.

ఆ 26 ఎక్కడిదో 1973లో లార్స్ బ్రింక్, నీల్సన్ తేటగా విడమరిచారు. తంతువు తన పొడవు వెంబడి కదిలితే ఏ మార్పూ లేదు, అడ్డంగా కదిలిన కంపనమే లెక్కలోకి వస్తుంది. అలా అడ్డంగా కదలగల ప్రతి దిశలోనూ ఒకటో స్వరం, రెండో స్వరం, మూడో స్వరం అంటూ అంతులేకుండా కంపనాలుంటాయి. తంతువు ఊరికే ఉన్నప్పుడు కూడా వాటిలో ప్రతిదానికీ కొంత కనీస శక్తి తప్పదు. వాటన్నిటినీ కూడాలంటే ఒకటి, రెండు, మూడు అంటూ అనంతం దాకా కూడాలి. మద్రాసు పోర్ట్ ట్రస్టు గుమస్తా రామానుజన్ 1913లో గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో ఈ మొత్తానికి మైనస్ పన్నెండో వంతు అనే విలువ ఇచ్చారు. మామూలు కూడికకు అందని మొత్తానికి అర్థం చెప్పే పద్ధతి అది. దాన్ని ఇక్కడ వాడితే ఒక్కో దిశ మైనస్ ఇరవై నాలుగో వంతు ఇస్తుంది. కాంతి కణం బరువు సున్నా కావాలంటే అన్ని దిశలదీ కలిపి సరిగ్గా మైనస్ ఒకటి కావాలి. అంటే అడ్డ దిశలు 24 ఉండాలి. తంతువు పొడవుదొకటి, కాలానిదొకటి కలిపితే 26. రెండో రకం కంపనాలు కూడా చేరిన సూపర్‌స్ట్రింగ్‌లో అడ్డ దిశలు 8 చాలు, మొత్తం 10.

రామానుజన్ ఉత్తరానికీ తంతువుకూ మధ్య అరవై ఏళ్ల దూరం ఉంది. అయినా ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మన ప్రశ్నకు ఇది తెచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. పది దిశలున్న ఖాళీ స్థలం ముందే సిద్ధంగా ఉంటే అందులో తంతువును తెచ్చి పెట్టడం లేదిక్కడ. ఎన్ని రకాలుగా కదలగలిగితే తనలో వైరుధ్యం లేకుండా ఉంటుందో తంతువే చెబుతోంది. ఆ కదలికలకే మనం దిశలని పేరు పెడుతున్నాం. తంతువు అదనపు దిశల్లోకి ప్రవేశించడమో ప్రవేశించకపోవడమో ఉండదు. అన్నిటిలోనూ ఒకేసారి కంపించకపోతే అది తంతువే కాదు.

ఇంతలో 1973లో క్వార్కుల సిద్ధాంతం వచ్చి బలమైన శక్తిని చక్కగా వివరించింది, తంతువుల గిరాకీ పోయింది. షెర్క్, ష్వార్జ్ 1974లో దాన్ని గురుత్వాకర్షణ వైపు తిప్పినప్పుడు తంతువు పొడవు కూడా అమాంతం తగ్గిపోయింది. అంతకుముందు అనుకున్నది ప్రోటాన్ అంత పొడవు. ఇప్పుడు దానికంటే ఒకటి తర్వాత 20 సున్నాలంత రెట్లు చిన్నది. స్థలం వంపును నిర్ణయించేది గురుత్వాకర్షణే కాబట్టి, అదనపు దిశలు వాటంతట అవే ముడుచుకునే వీలు కూడా అప్పుడే కనిపించింది. షెర్క్ 1980లో కన్నుమూశారు. అప్పటికాయన వయసు 33. తాను నమ్మిన సిద్ధాంతానికి ప్రపంచం తలవంచడం చూడలేకపోయారు.

ఆరు దిశల ఆకారం

1984 వేసవిలో కొలరాడో కొండల్లోని ఆస్పెన్‌లో మైకేల్ గ్రీన్, ష్వార్జ్ ఒక లెక్క పూర్తిచేశారు. పది మితుల సిద్ధాంతాల్లో ఎప్పుడూ అడ్డొచ్చే ఒక దోషం, సౌష్ఠవాల సంఖ్య 496 అయినప్పుడు తనంతట తానే రద్దవుతుందని తేలింది. ఆ మీదట కొన్ని నెలల్లోనే వందలమంది ఈ రంగంలోకి దూకారు.

ప్రిన్స్‌టన్‌లో డేవిడ్ గ్రాస్, జెఫ్రీ హార్వీ, ఎమిల్ మార్టినెక్, రయన్ రోమ్ తయారుచేసిన తంతువు మన ప్రశ్నను మరీ వింత చేసింది. కొసలు కలిసి ఉంగరంలా ఉండే ఈ తంతువు మీద ఒక వైపు పరుగెత్తే అలలకు మితులు 26, ఎదురుగా వచ్చే అలలకు 10. ఒకే తంతువు, రెండు లెక్కలు. మరి అది 26 మితుల్లో ఉన్నట్టా, పదింట్లో ఉన్నట్టా? తేడాగా మిగిలిన 16ను తిరిగే చోట్లుగా లెక్కపెట్టరు. కణాలకు ఆవేశాలను ఇచ్చే అంతర్గత సౌష్ఠవాలుగా అవి బయటపడతాయి. ఆస్పెన్‌లో తేలిన 496 సౌష్ఠవాలు వచ్చేదీ ఈ దారినే.

ఆవేశాల సంగతి సరే, ముడుచుకున్న ఆరింటి ఆకారం ఏమిటి? 1985లో ఫిలిప్ కాండెలాస్, గ్యారీ హోరోవిట్జ్, ఆండ్రూ స్ట్రామింజర్, ఎడ్వర్డ్ విట్టెన్ కలిసి దీనికి సమాధానం ఇచ్చారు. కావలసిన ఆకారాలను గణితవేత్తలు అప్పటికే సిద్ధంచేసి పెట్టారు. 1954లో యూజీనియో కలాబి అవి ఉండవచ్చునని ఊహించారు, 1976లో షింగ్-టుంగ్ యావ్ ఉన్నాయని నిరూపించారు. ఆ ఇద్దరి పేర్లా వాటిని కలాబి-యావ్ ఆకారాలంటున్నాం. యావ్‌కు 1982లో ఫీల్డ్స్ పతకం తెచ్చిన పనుల్లో ఇదొకటి.

క్లైన్ వలయంలో కణం సమంగా పరుచుకుని ఉంటుందని చూశాం. కలాబి-యావ్ ఆకారంలో రంధ్రాలున్నాయి. అందుకని తక్కువ శక్తితో దానిమీద పరుచుకోవడానికి తంతువుకు ఒకటి కంటే ఎక్కువ మార్గాలున్నాయి. ఒక్కో మార్గం మనకు ఒక్కో కణంగా కనిపిస్తుంది. ప్రకృతిలో ఎలక్ట్రాన్ లాంటి కణమే మూడు బరువుల్లో ఉంది: ఎలక్ట్రాన్, మ్యూయాన్, టావ్. ఈ మూడు తరాలు ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఆకారపు రంధ్రాలను లెక్కించే ఆయిలర్ సంఖ్యలో సగమెంతో తరాలు అన్ని అని ఆ నలుగురూ చూపారు. అంటే ఆయిలర్ సంఖ్య 6 ఉన్న ఆకారం కావాలి. అందరికీ తెలిసిన సులువైన ఆకారానికి అది 200, దాని ప్రకారం వంద తరాలుండాలి! ఆరు వచ్చే ఆకారాన్ని యావే వెతికి పెట్టారు. దాంతో అన్నీ కుదిరిపోలేదు, మనం కొలిచిన కణాల బరువులను ఇప్పటికీ అందులోంచి రాబట్టలేకపోతున్నారు. అయినా కణాలు ఎన్ని రకాలు అన్న ప్రశ్నకు ఆకారంలో రంధ్రాలెన్ని అని బదులు చెప్పగలగడం భౌతికశాస్త్రం అంతకుముందు ఎరగనిది.

గాజు కథ

బిందువు చేయలేని పని తంతువు ఒకటి చేయగలదు. చేతికి తొడిగిన గాజును చూడండి. చేతి పొడవునా దాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. చేతి మీద ఉన్నంతసేపూ ఆ చుట్టును మాత్రం, గాజు పగిలితే తప్ప విప్పలేం. ముడుచుకున్న దిశ చుట్టూ ఉంగరపు తంతువు ఇలాగే చుట్టుకోగలదు. మన మూడు దిశల్లో అది ఎటైనా కదులుతుంది, చుట్టు అలాగే ఉంటుంది. తంతువులో బిగువు ఉంది గనక దిశ చుట్టుకొలత పెరిగేకొద్దీ చుట్టుకోవడానికయ్యే శక్తి పెరుగుతుంది.

ఇప్పుడు రెండు శక్తులు పక్కపక్కన పెట్టండి. వలయంలో కదలడానికయ్యేది వలయం చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుంది. వలయాన్ని చుట్టుకోవడానికయ్యేది వలయం చిన్నదయ్యేకొద్దీ తగ్గుతుంది. 1984లో కెయిజి కిక్కావా, మసామి యమసాకి, తర్వాత 1986లో నొరిసుకె సకాయ్, ఇకువో సెండా ఈ రెండు పట్టికలనూ పోల్చి చూశారు. తంతువు సహజ పొడవును ఒకటిగా తీసుకుంటే, పదో వంతు వ్యాసార్థం ఉన్న వలయానికీ పది రెట్లు వ్యాసార్థం ఉన్న వలయానికీ శక్తుల జాబితా ఒక్కటే. కదలికలు చుట్లవుతాయి, చుట్లు కదలికలవుతాయి. ఏ ప్రయోగంతోనూ తేడా పట్టలేం.

మరి తంతువు ఉన్నది చిన్న వలయంలోనా, పెద్ద వలయంలోనా? 1989లో రాబర్ట్ బ్రాండెన్‌బెర్గర్, కుమ్రున్ వఫా చెప్పిన జవాబు నాకు అన్నిటికంటే నచ్చినది. ‘ఎక్కడ’ అని అడగాలంటే కొలవడానికి ఏదో ఒకటి కావాలి. ఏ రకం తంతువులు తేలికగా ఉంటే వాటితోనే కొలుస్తాం. వలయం మరీ చిన్నదైతే తేలికైనవి చుట్టుకున్న తంతువులు, వాటితో కొలిస్తే వలయం పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి తంతువు పొడవు కంటే చిన్న దూరానికి అర్థమే ఉండదు. అదే వ్యాసంలో వాళ్లు ఇంకో సాహసం కూడా చేశారు. పుట్టినప్పుడు విశ్వంలో తొమ్మిది దిశలూ చిన్నవే, అన్నిటికీ తంతువులు చుట్టుకుని వాటిని పెరగనివ్వలేదు. రెండు తంతువులు ఎదురుపడి ఒకదాని చుట్టును ఒకటి విప్పుకుంటేనే దిశ పెరుగుతుంది. అలా తప్పక ఎదురుపడటం మూడు దిశల దాకానే సాధ్యం. అంతకు మించితే ఒకదాన్నొకటి తప్పిపోతాయి. మనకు పెద్ద దిశలు మూడే ఎందుకు అన్న ప్రశ్నను ఇలా ఎదుర్కొన్నవారు అరుదు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు గానీ కొట్టిపారేయనూ లేదు.

వలయాలకే కాదు, ఆకారాలకూ ఇలాంటి జంటలున్నాయి. 1990లో బ్రయన్ గ్రీన్, రోనెన్ ప్లెసర్ రంధ్రాల లెక్కలు తారుమారైన రెండు కలాబి-యావ్ ఆకారాలను చూపించి, వాటిలో తంతువు నడక ఒకటేనన్నారు. మరుసటి ఏడు కాండెలాస్, ఆయన సహచరులు దీన్ని వాడి, గణితవేత్తలను చాలాకాలంగా సతాయిస్తున్న ఒక లెక్క చేశారు. ఇందాకటి, ఆయిలర్ సంఖ్య 200 ఉన్న సులువైన ఆకారంలో ఎన్ని వక్రరేఖలు పడతాయి? సరళరేఖలు 2,875, రెండో తరగతి వక్రాలు 6,09,250 అని అప్పటికే తెలుసు. మూడో తరగతివి 31,72,06,375 అన్నారు వీళ్లు. నార్వే గణితవేత్తలు గైర్ ఎలింగ్స్‌రుడ్, స్టైన్ ఆరిల్ స్ట్రోమ్మె కంప్యూటరు మీద వేసిన లెక్కలో వచ్చింది 268,25,49,425. తంతువుల ఊహ తప్పిందనే చాలామంది అనుకున్నారు. 1991 జులైలో నార్వే వాళ్లు తమ ప్రోగ్రాములో పొరపాటు పట్టుకుని సరిదిద్దారు. వచ్చిన సంఖ్య అక్షరాలా 31,72,06,375. తంతువులు ప్రకృతిలో ఉన్నాయని దీనివల్ల రుజువు కాలేదు. ఆ సిద్ధాంతపు లోతు మీద మాత్రం ఆ తర్వాత గణితవేత్తలకు అనుమానం మిగల్లేదు.

కొసలు ఎక్కడ ఆనుకుంటాయి

ఇప్పటిదాకా ఎక్కువగా ఉంగరాల సంగతే చెప్పాను. రెండు కొసలున్న తంతువులూ ఉన్నాయి. చుట్టు నిలవాలంటే ఉంగరం కావాలి. పగిలిన గాజు చేతిమీద నిలవనట్టే కొసలున్న తంతువు చుట్టు జారిపోతుంది. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. వలయాన్ని బాగా కుదిస్తే ఉంగరాలకు చుట్ల రూపంలో అది పెద్దదై తిరిగి వస్తుంది. చుట్లు లేని తంతువులకు అలా రాదు. ఒకే ప్రపంచంలో కొన్నిటికి తొమ్మిది దిశలు, కొన్నిటికి ఎనిమిదా?

1989లో టెక్సాస్‌లో జిన్ దై, రాబ్ లీ, జోసెఫ్ పోల్చిన్‌స్కీ ఈ చిక్కు విప్పారు. తంతువు నడుము తొమ్మిది దిశల్లోనూ ఊగుతుంది. కొసలు మాత్రం ఎనిమిది దిశల ఒక పొరకు అంటుకుని ఉంటాయి. ఆ పొరకు డీ-బ్రేన్ అని పేరు పెట్టారు. ఆరేళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1995 చివర్లో పోల్చిన్‌స్కీ ఆ పొరలకు తమవైన ఆవేశాలున్నాయని, అవి సిద్ధాంతంలో ఊహించక తప్పని వస్తువులని చూపాక అందరూ అటు తిరిగారు. తంతువు ఎక్కడుంటుంది అన్న ప్రశ్నకు ‘ఫలానా చోట’ అని జవాబు రావడం మొదటిసారి అప్పుడే. కొసలున్న తంతువు ఫలానా పొర మీద ఉంటుంది, ఉంగరం అన్నిచోట్లా తిరుగుతుంది.

పొరే మాయమైతే? ఈ ప్రశ్నకు జవాబు అలహాబాదు నుంచి వచ్చింది. ఒక పొర, దానికి విరుద్ధమైన పొర కలిసి నశిస్తే కొసలు ఆనుకునే చోటే ఉండదని, ఆ కొసల తంతువులూ పోయి ఉంగరాలే మిగులుతాయని 1998 నుంచి అశోక్ సేన్ వరసగా రాసిన వ్యాసాలు చూపాయి. 2012లో మొదటిసారి ఇచ్చిన ఫండమెంటల్ ఫిజిక్స్ బహుమతి తొమ్మిదిమందిలో ఆయనొకరు. అలహాబాదులో ఉంటూనే ఇంత పని చేసి, మన దేశంలో ఒక తరం విద్యార్థులకు ధైర్యం ఇచ్చారాయన.

అంతకుముందే 1995 మార్చిలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో విట్టెన్ ఇంకో మాట చెప్పారు. తంతువుల మధ్య చర్య బలంగా ఉన్నచోట పదకొండో మితి బయటపడుతుందన్నారు. అలా చూస్తే మనం తంతువు అనుకున్నది, పదకొండో దిశకు చుట్టిన పొరే. ఆ దిశ మరీ చిన్నదై కనబడనప్పుడు మిగిలిన సన్నని రూపాన్నే తంతువన్నాం.

సియాటిల్‌లోని తూకం

ఇవన్నీ కాగితం మీది మాటలే కదా అని ఎవరైనా అడగవచ్చు. 1998 దాకా అలాగే ఉండేది. ఆ ఏడు నీమా అర్కాని-హమెద్, సవాస్ డిమోపౌలోస్, గియా డ్వాలీ ఒక సూటి ప్రశ్న వేశారు. మన పదార్థం, కాంతి అన్నీ కొసల తంతువులై ఒక మూడు దిశల పొరకు అంటుకుని ఉన్నాయనుకుందాం. గురుత్వాకర్షణను మోసే తంతువు ఉంగరం కాబట్టి అది ఒక్కటే పొర దాటి పోగలదు. అప్పుడు అదనపు దిశలు చాలా పెద్దవైనా కాంతితో చూసే మనకు కనబడవు. అవి రెండయితే మిల్లీమీటరు దాకా ఉండవచ్చు! గురుత్వాకర్షణ అంత బలహీనంగా ఉండటానికి కారణం కూడా అదే, అది బయటికి పలచబడిపోతోంది. మరుసటి ఏడాది లిసా రాండల్, రామన్ సుండ్రమ్ దిశ వంపు తిరిగి ఉంటే అది అంతులేనిదైనా ఇబ్బంది లేదని చూపారు.

దూరం సగమైతే గురుత్వాకర్షణ నాలుగు రెట్లు కావాలన్న న్యూటన్ నియమాన్ని ఒక మిల్లీమీటరు కంటే దగ్గరగా అంతదాకా ఎవరూ సరిగా కొలవలేదు. మూడు వందల ఏళ్ల నియమం, బియ్యపు గింజ మందం దగ్గర పరీక్షకు ఆగి ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ అడెల్‌బెర్గర్, బ్లేన్ హెకెల్ బృందం సన్నని తీగకు వేలాడదీసిన లోహపు బిళ్ల మెలికను కొలిచింది. దాని కింద తిరిగే ఇంకో బిళ్ల దాన్ని ఎంత లాగుతోందో చూశారు. అదనపు దిశ ఉంటే, దగ్గరయ్యేకొద్దీ లాగుడు నియమానికి మించి పెరగాలి. 2007లో 55 మైక్రాన్ల దాకా, 2020లో 52 మైక్రాన్ల దాకా వెళ్లారు. న్యూటన్ నియమం చెక్కుచెదరలేదు. దీన్నిబట్టి ఒకే పెద్ద అదనపు దిశ ఉంటే దాని వ్యాసార్థం 30 మైక్రాన్లకు మించదని లెక్క తేలింది. జెనీవా యంత్రంలోనూ ఇప్పటిదాకా ఏ ఆనవాలూ దొరకలేదు.

2022లో మిగెల్ మోంటెరో, కుమ్రున్ వఫా, ఇరేనె వలెన్సువేలా విశ్వాన్ని వేగంగా వ్యాపింపజేస్తున్న చీకటి శక్తి విలువ నుంచి బయలుదేరి, ఒకే ఒక్క అదనపు దిశ మైక్రాన్ ప్రాంతంలో ఉండాలని వాదించారు. దానికి చీకటి మితి అని పేరు పెట్టారు. వాళ్ల వాదం ప్రకారం మనమున్న పొర ఆ దిశలో ఒకచోట ఆగి ఉంది, గురుత్వాకర్షణ ఉంగరాలు మాత్రం దాని నిండా తిరుగుతున్నాయి. వాళ్లు చెప్పిన కొలతకూ సియాటిల్ హద్దుకూ మధ్య ఇక మిగిలింది ఇరవై ముప్పై మైక్రాన్ల జాగా. అమెరికాలోనే కాక చైనాలోని వుహాన్‌లోనూ మెలిక తూకాలతో అలాంటి దూరాలను కొలుస్తున్నారు.

(వచ్చే భాగంలో: ఆరు దిశలు ముడుచుకోగల తీరులు ఎన్ని? ఒకటి తర్వాత 500 సున్నాలన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద శాస్త్రవేత్తలు ఎందుకు రెండుగా చీలారు?)